రోజంతా తెరిచి ఉండే లైను

కొనాలా, వద్దా? మా మేనేజర్ సార్ పంపిన మెయిల్‌లో ఉన్న ప్రశ్న అదొక్కటే. దాని కింద వరంగల్ బజారులోని ఒక అడ్రసు, ఆ కింద పది రోజుల గడువు.

నేను పనిచేసేది పెద్ద నెట్‌వర్క్ కంపెనీలో. హెడ్డాఫీసు హైదరాబాదులో ఉంటుంది. చాలా జిల్లాల్లో కేబుళ్లు వేసి ఇళ్లకూ దుకాణాలకూ ఇంటర్నెట్ ఇస్తాం. హనుమకొండ ఆఫీసులో నేనొక ఇంజనీరును. మా వాళ్లు కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నది ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్స్ నడిపే ఒక చిన్న సర్వీసును. దాన్ని తయారు చేసిందీ, నడుపుతున్నదీ, పాడైతే వెళ్లి బాగుచేస్తున్నదీ ఒకే మనిషి. వరంగల్ బజారులోనూ, వర్ధన్నపేట, తొర్రూరు వైపు దుకాణాల్లోనూ ఆయన పెట్టిన నల్ల డబ్బాలు ఉన్నాయి. డబ్బా టిఫిన్ గిన్నె అంత ఉంటుంది. ముందు స్పీకరు, పక్కన చిన్న మైకు, పైన ఒకే ఒక్క బటన్.

ఇత్తడి సామాన్ల దుకాణం మీది మొదటి అంతస్తులో ఆయన గది. నేను వెళ్లేసరికి టేబుల్ ఫ్యాను రెండు సర్వర్ల వైపు తిరిగి ఉంది. ఆయన మాత్రం చెమటతో తడిసిపోయి కూర్చున్నారు. ఫ్యాను ఇటు తిప్పుకోవచ్చు కదా అన్నాను.

"నాకు చెమట వడ్తే తుడుసుకుంట తమ్మీ. వాటికి చెమట వడ్తే బజారంత ఫోన్ జేస్తది" అన్నారు.

ఆయనకు యాభై దగ్గర పడుతున్నాయి. పోయిన ఎండాకాలం నిచ్చెన మీది నుంచి పడి కుడి భుజం విరిగింది. అతికింది గానీ చెయ్యి చెవి దాటి పైకి లేవదు. ఆ చేత్తో కప్పులెక్కి తీగలు సరిచేయడం ఇంక కాదని డాక్టరూ చెప్పారు, ఇంట్లోనూ చెప్పారు. అందుకే దుకాణాల వాళ్లందరికీ ముందే చెప్పేశారు: కంపెనీ తీసుకుంటే సరే, తీసుకోకపోతే నెలాఖరుకు బంద్. నేను వెళ్లిన రోజుకు నెలాఖరుకు ఇంకా పందొమ్మిది రోజులున్నాయి.

నేను అడగకముందే సర్వర్ల పాస్‌వర్డులు కాగితం మీద రాసిచ్చారు. "ఏం జూస్కుంటవో జూస్కో. నా దగ్గర దాపరికం లేదు. ఒక్కటే మాట. ఓ పొద్దంత బజారుల కూసొని సూడు. సూసినంకనే రాయి."

సరేనన్నాను. చేయాల్సిన పనులు ఒక వరుసలో రాసుకోవడం నాకు అలవాటు. ఆ పనుల పట్టికలో బజారులో కూర్చోవడాన్ని పద్నాలుగో పనిగా, అంటే చివరిదిగా, పక్కన "వీలైతే" అని రాసుకున్నాను. కాలింగ్ సర్వీసు ఎలా ఉందో తెలుసుకోవడానికి లాగ్‌లు ఉన్నాయి. ప్రతి కాల్ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, అందులో మాట ఎంతసేపు ఉంది, అన్నీ సర్వరు తనంతట తానే రాసి పెడుతుంది. మనుషులు మరిచిపోయినట్టు అది మరిచిపోదు. అప్పటి నా ఆలోచన అది.

మొదటి ఐదు రోజులు లాగ్‌లు చదివాను. మంచి సంగతులు నిజంగానే ఉన్నాయి. తక్కువ వేగం ఉన్న లైన్లలో కూడా గొంతు స్పష్టంగా వస్తోంది. కరెంటు పోయి వస్తే డబ్బా ఎవరినీ పిలవకుండా, గంట కొట్టకుండా తిరిగి పాత కాల్‌లోకే చేరిపోతోంది. ఇంత చిన్న ప్రోగ్రాంలో అంత చక్కటి పని మా కంపెనీలో కూడా చూడలేదు. నాలుగు మంచి గుణాలు రాసుకున్నాను.

తర్వాత లోపం దొరికింది. కాల్స్ ముగియడం లేదు. పొద్దున తొమ్మిదిన్నర, పది మధ్య మొదలైన కాల్ రాత్రి ఎనిమిదికి గానీ ఆగడం లేదు. ఆ పది గంటల్లో మాట ఉన్నది గంటకు రెండు మూడు నిమిషాలు. మిగతా అంతా నిశ్శబ్దం. ఒక దుకాణం కాదు, దాదాపు అన్నీ అలాగే. పైగా మాట లేనప్పుడు కూడా సన్న సన్న శబ్దాలను డబ్బా పంపిస్తూనే ఉంది. మామూలుగా ఇలాంటి ప్రోగ్రాంలన్నీ వెనకాల వినిపించే చప్పుడును తీసేస్తాయి. ఇది తీసేయడం లేదు.

కాలేజీలో మాకు నేర్పిన మొదటి అనుమానం ఇదే: తెరిచినదాన్ని ప్రోగ్రాం మూయడం మరిచిపోయింది. ఆయన ఒంటరిగా, పుస్తకాలు చూసి నేర్చుకుని రాసిన ప్రోగ్రాం కాబట్టి ఇలాంటిది జరిగి ఉంటుందనుకున్నాను. నాకు సంతోషం కూడా కలిగింది. ఇరవై ఏడేళ్ల ఇంజనీరుకు ఇంకొకరి పనిలో తప్పు దొరికితే కలిగే సంతోషం అది. దాని గురించి రాయడం ఇప్పుడు ఇబ్బందిగానే ఉంది.

ఆయన్ని అడగలేదు. అడిగితే చిన్నబుచ్చుకుంటారనిపించింది. ఇంకో లెక్క కూడా వేసుకున్నాను. ఇంత పెద్ద లోపంతో రిపోర్టు రాస్తే కంపెనీ కొనదు. కొనకపోతే నెలాఖరుకు సర్వీసు ఆగిపోతుంది. అదే లోపాన్ని నేనే సరిచేసి, సరైపోయిందని రాస్తే కొనడానికి అవకాశం ఉంటుంది. ఇది ఆయనకు చేసే ఉపకారమే అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం, బజారు మూసి ఉన్నప్పుడు, సర్వరులో ఒక టైమరు పెట్టాను. ఐదు నిమిషాల పాటు మాట లేకపోతే కాల్ దానంతట అదే ముగుస్తుంది. రెండు డబ్బాల మధ్య పరీక్షించి చూశాను. సరిగ్గా ఐదు నిమిషాలకు కట్ అయింది. పట్టికలో టిక్ పెట్టుకున్నాను.

సోమవారం పదింబావుకు ఆయన ఫోన్ చేశారు.

"తమ్మీ, ఏమన్న ముట్టుకున్నవా?"

గొంతులో కోపం లేదు. నేను చెప్పాను. "జర దబ్బున రా" అని పెట్టేశారు.

నేను ఆయన గదికి చేరేసరికి ఫోన్ మోగుతూనే ఉంది. ఒక చేత్తోనే పని చేయాలి కాబట్టి ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టి మాట్లాడతారు. అందుకని అవతలి వాళ్ల మాటలన్నీ నాకూ వినిపించాయి.

"ఏందే అన్నా, అమ్ముకున్నవా? కంపెనోడు రాకముందే నోరు మూసిండ్రా?"

"అమ్మలే. ఎక్కడ్నో చిన్న తప్పు వడ్డది. ఐదు నిమిషాలు ఆగు."

"నెలాఖరంటివి గదా, ఇప్పుడే బంద్ వెట్టినవ్?"

"బంద్ వెట్టలే సేటు. ఆగుమంటాన గదా."

టైమరు తీసేయడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. లైన్లు ఒక్కొక్కటిగా తిరిగి కలిశాయి. కానీ ఆయన పదేళ్లుగా బజారులో సంపాదించుకున్న నమ్మకం ఆ ఒక్క పూటలో చెదిరిపోయింది. కంపెనీ చేతికి పోతే ఏం జరుగుతుందోనని వాళ్లకు ముందే భయం ఉంది. ఆ భయం నిజమేనని నేను రుజువు చేసి చూపించాను.

క్షమించమని అడిగాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని లేచారు.

"తీసేసినవ్ గదా. ఇప్పుడన్న కూసుంటవా బజారుల?"

"కూర్చుంటానన్నా."

"అయితే నడువు."

బజారంతా అన్న అని పిలిచే ఆయన నన్ను తీసుకెళ్లింది మోటారు పంపుల స్పేరు పార్టుల దుకాణానికి. పంప్‌సెట్టు చెడిపోయిన రైతులు విరిగిన ముక్కను జేబులో వేసుకుని వచ్చి, అలాంటిదే కొత్తది అడుగుతారు. దుకాణం గది చిన్నది. సరుకంతా రెండు సందుల వెనక ఉన్న గోదాములో ఉంటుంది. దుకాణంలో భర్త కూర్చుంటారు, గోదాములో భార్య. వర్ధన్నపేటలో వీళ్లదే ఇంకో చిన్న దుకాణం ఉంది, దాన్ని ఆమె తమ్ముడు చూసుకుంటాడు. మూడు చోట్లా మూడు డబ్బాలు, ఒకే కాల్.

దుకాణాయన నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఈ సారేనా మా నోరు కట్టేసింది?"

"తెల్వక జేసిండు సేటు. ఇయ్యాల మీ దగ్గర కూసుంటడు. ఉండనియ్యి" అని అన్న చెప్పారు.

"కూసోమను. పైసలైతే అడుగను గనీ, అడ్డం మాత్రం రావద్దు."

స్టార్టర్ల అట్టపెట్టె పక్కన ఒక స్టూలు చూపించారు. అన్న తన గదికి వెళ్లిపోయారు. నేను నోట్‌బుక్కు తీసి టైము రాసుకున్నాను: పదకొండూ ఐదు.

పదకొండూ పదికి ఒక రైతు వచ్చి, కాగితంలో చుట్టిన బుష్షును, మోటారు లోపల ఉండే చిన్న ఇత్తడి గొట్టాన్ని, కౌంటరు మీద పెట్టాడు. దుకాణాయన దాన్ని వేళ్లతో తిప్పి చూశారు. తల ఎత్తలేదు, డబ్బా వైపు తిరగలేదు, హలో అనలేదు.

"ముప్పావు బుష్షు, ఇత్తడిది."

రెండు క్షణాల తర్వాత డబ్బాలోంచి ఆడ గొంతు వచ్చింది. "రెండున్నయి. ఒకదానికి గీత వడ్డది. మంచిది పంపుతాన."

మళ్లీ నిశ్శబ్దం. అయితే అది లాగ్‌లో సున్నా అని కనిపించిన నిశ్శబ్దం కాదు. చెవి పెడితే అందులో గోదాము వినిపిస్తోంది. ఇనుప అరలు లాగుతున్న చప్పుడు, ఆమె తనలో తాను సైజులు చదువుకోవడం, ఎక్కడో దూరంగా వర్ధన్నపేట దుకాణం ముందు బస్సు హారను. వెనకాల చప్పుడు తీసేయకపోవడాన్ని నేను అంతకుముందే రెండో లోపంగా రాసుకుని ఉన్నాను.

రైతు ధర దగ్గర ఆగాడు. "జర తగ్గియ్యి సేటు. పాతగిరాకీని."

దుకాణాయన నోరు తెరవకముందే డబ్బా మాట్లాడింది. "తగ్గియ్యకు. పోయినసారి గిదే మాట జెప్పి తగ్గించుకపోయిండు."

రైతు డబ్బా వైపు వంగి నవ్వాడు. "వదినా! నువ్వున్నవని యాదికి లేకపాయె."

"నేనెప్పటికి ఉంటనే పటేలా. మోటారు మళ్ల కాలిందా? నిరుడు కూడ గిప్పుడే గదా కాలింది?"

"కరెంటు అట్ల వస్తాంది వదినా, నేనేం జేయాలె."

"కపాసిటరు కూడ మార్పియ్యి. ఉత్త బుష్షు మారిస్తే మళ్ల వారానికే వస్తవ్."

రైతు కపాసిటరు కూడా తీసుకున్నాడు. ఇదంతా లాగ్‌లో నలభై సెకన్ల మాటగా పడి ఉంటుంది.

మధ్యాహ్నం దాకా చూశాను. ఎవరూ ఎవరికీ ఫోన్ చేయలేదు. ఫోన్ చేయడం అనే పనే అక్కడ లేదు. దుకాణాయన చేతులు ఎప్పుడూ గ్రీజుతో ఉంటాయి. నంబరు నొక్కి, మోగేదాకా ఆగి, అవతల ఎత్తేదాకా ఆగే ఓపిక గిరాకీకి ఉండదు. వర్ధన్నపేట తమ్ముడు ఉన్నట్టుండి "బావా, రెండించుల ఫుట్‌వాల్వు ఉన్నదా?" అంటే, జవాబు ఇక్కడి నుంచి రావచ్చు, గోదాము నుంచి రావచ్చు. ముగ్గురూ ఒకే గదిలో ఉన్నట్టే మాట్లాడుకుంటున్నారు. ఇంటి సంగతి మాట్లాడాలంటే బటన్ నొక్కి మైకు ఆపుకుంటారు. అది కూడా ఎప్పుడో గానీ చేయరు.

ఈ అలవాటు ఎక్కడిదని అడిగాను.

"ఇంటర్‌కమ్ తీగలున్నప్పటి నుంచి గిట్లనే" అన్నారు దుకాణాయన. "మీ అన్ననే కప్పుల మీదికెంచి తీగ గుంజిండు, ఇక్కడికెంచి గోదాము దాకా. దానికి కట్ జేసుడు అనేదే లేకుండె. పొద్దుగాల షట్టరు ఎత్తినమంటే తీగ నడుస్తనే ఉంటది. కోతులు తెంపితేనే కట్."

కోతుల బాధ పడలేకే ఆయన తీగలు తీసేసి ఇంటర్నెట్ మీద డబ్బాలు పెట్టారట. తీగ మారింది, అలవాటు మారలేదు. ఆ అలవాటుకు తగ్గట్టే ఆయన ప్రోగ్రాం రాశారు. అది మూయడం మరిచిపోయిన ప్రోగ్రాం కాదు. మూయకుండా ఉండడానికే కష్టపడి రాసిన ప్రోగ్రాం.

ఒంటిగంటన్నరకు ఆమె గోదాముకు తాళం వేసి, అన్నం క్యారియరుతో దుకాణానికి వచ్చారు. యాభై ఏళ్లుంటాయి. పొద్దున ఏం జరిగిందో నేను అడగక ముందే చెప్పారు.

"మీకు సప్పుడు లేనిదంటే ఏం లేనట్టు గావొచ్చు సార్. మాకట్ల గాదు. ఈయనకు బీపీ ఉన్నది. దగ్గినా నాకు ఇనవడ్తది, కుర్చీ జరిగినా ఇనవడ్తది. ఇయ్యాల పొద్దుగాల ఏం ఇనవడలే. రెండుసార్లు పిలిచిన. పలుకలే. గోదాము తలుపు ఇడిసిపెట్టి ఉరికచ్చిన. చెప్పులు గూడ ఏసుకోలే."

దుకాణాయన తల దించుకుని ముద్ద కలుపుతున్నారు. "నేనేమో ఈమెకు నా మీద కోపమొచ్చి పలుకుతలేదనుకున్న. నిన్న చిన్న లొల్లైంది. అదే మనసుల వెట్టుకున్నది గావొచ్చని నేను గూడ పిలుసుడు బంద్ జేసిన."

"ఎవలకోసం ఉరికచ్చిననో సూడుండ్రి" అని ఆమె పచ్చడి ఆయన కంచంలో వేశారు. నాకూ ఒక కంచం పెట్టారు. వద్దన్నాను. "తిను తమ్మీ, తప్పు జేసినోళ్లకు ఆకలి గాదా?" అన్నారు. తిన్నాను.

నోట్‌బుక్కులో ఆ రోజు చివర రాసుకున్న వాక్యాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకటి, మాట లేని సమయం వృథా కాదు. రెండు, లోపం ఒకటీ లోపం రెండూ కొట్టేయాలి. మూడు, అన్నను ముందే అడిగి ఉండాల్సింది.

గడువుకు నాలుగు రోజులే మిగిలాయి. మర్నాడు ఒక బట్టల దుకాణంలోనూ, ఆ మర్నాడు వర్ధన్నపేటలోనూ కూర్చున్నాను. మిగతా రెండు రోజుల్లో రిపోర్టు మొదటి నుంచీ మళ్లీ రాశాను. తెరిచి ఉన్న లైన్లు మా నెట్‌వర్కును ఎంత వాడుకుంటాయో కొలిచాను. బజారులోని డబ్బాలన్నీ కలిసి రోజంతా తెరిచి ఉన్నా, సాయంత్రం పూట మూడు నాలుగు ఇళ్ల వాళ్లు సినిమాలు చూస్తే ఎంత పడుతుందో దాదాపు అంతే పడుతోంది. ఆయన ప్రోగ్రాం అంత పొదుపుగా రాసి ఉంది. రిపోర్టులో మొదటి పేరాలోనే నేను పెట్టిన టైమరు గురించీ, దానివల్ల జరిగినదాని గురించీ రాశాను.

మేనేజర్ సార్ చదివి, ఆ పేరా మీద వేలు పెట్టారు. "ఇది వెనక్కి పెట్టు. చివర్లో ఎక్కడన్నా. నీకే మంచిది."

"అది లేకపోతే మిగతా రిపోర్టు అర్థం కాదు సార్. మన సర్వర్లన్నిట్లో ముప్పై నిమిషాల టైమరు ఉంది. కొన్నాక వీటిని అక్కడికి మారిస్తే నేను చేసిందే మళ్లీ జరుగుతుంది. ఈసారి కంపెనీ పేరు మీద జరుగుతుంది."

సార్ వేలు తీసేశారు.

మీటింగు మా ఆఫీసులోనే. హైదరాబాదు నుంచి మేడమ్ వీడియోలో కూర్చున్నారు. కొనాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది. అన్న కూడా వచ్చారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. స్పేరు పార్టుల దుకాణం వాళ్లను అడిగి, వాళ్ల కాల్‌లోకి ఇంకో డబ్బాను కలిపి మీటింగు టేబులు మీద పెట్టాము. ఎవరు వింటున్నారో వాళ్లకు చెప్పాము. సరేనన్నారు. పది నిమిషాలయ్యేసరికి మరిచిపోయారు.

మేడమ్ మొదటి ప్రశ్న నేను అనుకున్నదే. "ఇప్పుడు అందరి సెల్‌ఫోన్లలో కాల్స్ ఫ్రీ. డబ్బులిచ్చి ఇదెందుకు కొనాలి?"

సెల్‌ఫోన్ కాల్ రోజంతా తెరిచి ఉండదని, ఇంకో ఫోన్ వస్తే ఇది తెగిపోతుందని చెప్పాను. ఆమె టేబులు మీది డబ్బాను చూసి అడిగారు.

"అది పనిచేస్తోందా? ఏమీ వినపడటం లేదే."

"పనిచేస్తోంది మేడమ్. గిరాకీ లేదు."

మా మేనేజర్ సార్ నా వైపు కోపంగా చూశారు. నేను లెక్కలు చూపించడం మొదలుపెట్టాను. ఏడెనిమిది నిమిషాలు డబ్బా ఏమీ అనలేదు. అన్న మాత్రం కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. అప్పుడు డబ్బాలో ఎవరో పెద్దగా తుమ్మారు. వెంటనే ఆమె గొంతు:

"బీపీ గోలి ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

"అబద్ధం. డబ్బి మూత తీసిన సప్పుడు రాలే."

కొద్దిసేపు ఏమీ లేదు. తర్వాత ఒక చిన్న టప్పుమన్న శబ్దం, నీళ్లు మింగిన శబ్దం.

"ఇంటున్నవా? ఏసుకున్న."

"ఇన్న."

మేనేజర్ సార్ నవ్వు ఆపుకోలేక కాగితాలు సర్దుకున్నారు. మేడమ్ నవ్వలేదు. వీడియోలో కొంచెం ముందుకు వంగారు. "ఈ వెనక చప్పుడు తీసేయకుండా ఉంచాలని మీరే అనుకున్నారా?" అని అన్నను అడిగారు.

"అవు మేడమ్. మొదట తీసేసిన. దుకాణపోళ్లు లైను సచ్చిపోయిందనుకున్నరు. మళ్ల పెట్టిన."

తర్వాత ఆమె అడిగినవన్నీ పనికి సంబంధించిన ప్రశ్నలే. మా సర్వర్లలోకి ఎలా మారుస్తారు, టైమరుకు మినహాయింపు ఎవరు రాస్తారు, అన్న మానేస్తే ఎవరు చూసుకుంటారు. మీకేమైనా షరతులున్నాయా అని ఆయన్ను అడిగారు. ధర గురించి అడుగుతారేమోనని మేనేజర్ సార్ సర్దుకుని కూర్చున్నారు.

"పేరు మార్చుకోండ్రి, రంగు మార్చుకోండ్రి, నాకేం లేదు" అన్నారు అన్న. "లైను మాత్రం దుకాణపోళ్లు కట్ జేస్తేనే కట్ గావాలె. గదొక్కటి కాగితం మీద రాసియ్యిండ్రి."

రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. కొంటున్నాం. ఆరు నెలలు అన్న నాకు పని నేర్పాలి, కప్పులెక్కే పని మా వాళ్లది. ఆ తర్వాత వరంగల్ లైన్లన్నీ నా బాధ్యత. టైమరు మినహాయింపు రాసే పని కూడా నాకే ఇచ్చారు. ఒక్క వాక్యం. దాన్ని పదకొండుసార్లు రాసి కొట్టేసి, చివరికి అన్న చెప్పిన మాటనే పుస్తక భాషలోకి మార్చి పంపాను.

నెలాఖరుకు రెండు రోజుల ముందు లైన్లు మా సర్వర్లలోకి మార్చాము. ఒకేసారి అన్నీ వద్దని, ఒక్కో దుకాణం ఒక్కో దుకాణంగా మారుద్దామని అన్న చెప్పారు. పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి, గిరాకీ లేని రెండు నిమిషాలు చూసుకుని ఒక్కొక్కటీ మార్చాము. మధ్యాహ్నానికి స్పేరు పార్టుల దుకాణానికి వెళ్లాము.

దుకాణాయన మమ్మల్ని చూసి చేతిలోని షాఫ్టు కింద పెట్టారు. "వచ్చిండ్రా? ఎప్పుడు మారుస్తరు? చెప్పుండ్రి, అప్పుడు గిరాకీని ఆపుత."

"మారింది సేటు" అన్నాను. "పదిన్నరకే."

ఆయన నమ్మలేదు. డబ్బా మీదికి వంగి, ఎప్పుడూ లేనిది గట్టిగా అరిచారు. "ఇంటున్నవా?"

"ఇంటానే. ఏమైంది? ఎందుకు అరుస్తానవ్?"

"ఏం లేదు. మారిందట."

"ఏం మారింది?"

అన్న నవ్వారు. ఎడమ చేత్తో జేబులోంచి ఒక పాత ఫోన్ తీశారు. పదేళ్లుగా బజారంతా ఆయనకు ఫిర్యాదు చేసే నంబరు అది. దాన్ని నా చేతిలో పెట్టి దుకాణాయనతో అన్నారు: "ఇగో సేటు, ఇప్పటి సంది ఏమున్నా ఈ తమ్మికే. నాకు జెయ్యకుండ్రి, నేను ఎత్తను."

"ఈ తమ్మికా?" అని దుకాణాయన నన్ను మళ్లీ పైనుంచి కిందికి చూశారు. ఈసారి కాస్త నవ్వుతూ చూశారు.

ఆ ఫోన్ మర్నాడు తొమ్మిదీ నలభైకి మోగింది. వర్ధన్నపేట తమ్ముడు.

"కొత్త సారేనా? మా డబ్బా గరగరమంటాంది. అక్క నా మాట అర్థమైతలేదంటాంది."

"ఏమైనా ఒలికిందా దాని మీద?"

"చాయ్. నేను గాదు, మా మెకానిక్. మొన్న ఒలికింది. ఇప్పుడు అందుల చీమలు తిరుగుతానయి."

చీమలు దూరిన డబ్బాను ఎలా విప్పాలో నాకు తెలియదు. హనుమకొండలో బస్సెక్కి, అన్నకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఖమ్మం రోడ్డు మీద సగం దూరం పోయాక ఆయన దగ్గర్నుంచి ఒక చిన్న మెసేజ్ వచ్చింది: "పొలం కాడున్న. కింద నాలుగు స్క్రూలు ఉంటయి. నువ్వే సూస్కో."

నాలుగు స్క్రూలూ తీశాను. స్పీకరు చుట్టూ ఎండిన చక్కెర, దాని నిండా చీమలు. పాత పళ్లు తోముకునే బ్రష్షు అడిగి తీసుకుని శుభ్రం చేశాను. మైకును పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ బిగించి, కరెంటు పెట్టాను. డబ్బా ఎవరినీ పిలవకుండా, గంట కొట్టకుండా పాత కాల్‌లోకి చేరింది. వరంగల్‌లో ఎవరో ఇంపెల్లరు సైజు చెబుతున్నారు.

"అక్కా, ఇప్పుడు ఇనవడ్తాందా?" అన్నాడు తమ్ముడు.

"ఇనవడ్తాంది. ఎవలు బాగుజేసిండ్రు?"

"కొత్త సారే."

"చాయ్ పోయించినవా ఆయనకు?"